క్లబ్బు గుమ్మం అవతలి విజేత

దక్షిణాఫ్రికా అనగానే మన ఊళ్ళలో రెండు బొమ్మలు గుర్తొస్తాయి. 1893లో గాంధీని రైలు పెట్టెలోంచి దించేయడం ఒకటి, 1990లో మండేలా జైలు నుంచి నడిచి రావడం రెండోది. ఈ రెంటి నడుమ దాదాపు నూరేళ్ళున్నాయి. ఆ కాలంలో వివక్ష రోజువారీగా ఎలా నడిచిందో తెలియాలంటే, నేను స్థిరపడిన ఈ డర్బన్‌లో పాప్వా సెవ్‌గోలం అనే గోల్ఫ్ ఆటగాడి కథ వినాలి.

1860లో మద్రాసు నుంచి మొదటి ఓడ డర్బన్ చేరింది. చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద వచ్చిన కూలీల్లో తమిళులతో పాటు మనవాళ్ళూ ఉన్నారు. ఆ తెలుగు కుటుంబాల వారసులు 1931లో పెట్టుకున్న ఆంధ్ర మహాసభ ఇప్పటికీ ఉంది. పాప్వా తెలుగువాడు కాదు, పేరును బట్టి ఉత్తరాది సంతతి. కానీ భారతీయులందరికీ వర్తించిన చట్టాలు ఒక్కటే. పేదింట పుట్టాడు, చదువు రాలేదు. బీచ్‌వుడ్ క్లబ్బులో దొరల కర్రల సంచి మోస్తూ, చూసి ఆట నేర్చుకున్నాడు. కుడిచేతి ఆటగాళ్ళంతా కర్ర మీద కుడిచెయ్యి కింద పెడితే, అతను ఎడమచెయ్యి కింద పెట్టేవాడు. ఏ గురువైనా మొదటిరోజే దిద్దే పద్ధతది. గురువు లేకపోవడం వల్లే మిగిలింది.

'భారతీయులు తెల్లవాళ్ళతో ఆడకూడదు' అని సూటిగా చెప్పే క్రీడాచట్టం ఈ దేశంలో వెతికితే దొరకదు. పని జరిపించింది నేలను జాతుల వారీగా పంచిన 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం. మైదానం తెల్లవాళ్ళ ప్రాంతంలో ఉంటుంది. అక్కడ సంచి మోసే పనివాడిగా పాప్వాకి అడ్డులేదు. అదే గడ్డి మీద ఆటగాడిగా నిలబడాలంటే మాత్రం అనుమతి కావాలి. నాకు ఈ వ్యవస్థలో అన్నిటికన్నా కంపరం పుట్టించేది ఈ లెక్కే. దానికి మొహాన ద్వేషం అక్కర్లేదు, ఒక గుమాస్తా, ఒక రబ్బరు స్టాంపు చాలు.

ఓలే క్రీము కనిపెట్టిన డర్బన్ వ్యాపారి గ్రాహం వుల్ఫ్ పాప్వా ఆట చూసి, 1959లో యూరప్ తీసుకెళ్ళాడు. ఆ ఏడే పాప్వా డచ్ ఓపెన్ గెలిచాడు. 1960లో మళ్ళీ, 1964లో మూడోసారి గెలిచాడు. ఇంటి దగ్గర సంగతి వేరు. 1963లో డర్బన్ కంట్రీ క్లబ్బులో జరిగిన నటాల్ ఓపెన్‌లో ఆడనిచ్చారు. వందకు పైగా తెల్ల ఆటగాళ్ళ మీద గెలిచాడు. క్లబ్బు భవనంలోకి భారతీయుడికి ప్రవేశం లేదు. వాన కురుస్తుంటే కప్పు ఆరుబయటే చేతికిచ్చారు. ఆ ఫొటో దేశదేశాల పత్రికల్లో వచ్చింది. క్రీడల్లో దక్షిణాఫ్రికాను వెలివేయాలని అప్పటికే అడుగుతున్నవాళ్ళకి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేకపోయింది. 1964 టోక్యో ఒలింపిక్స్‌కి ఈ దేశాన్ని రానివ్వలేదు, 1970లో ఒలింపిక్ కమిటీ ఏకంగా బహిష్కరించింది.

1965లో పాప్వా మళ్ళీ నటాల్ ఓపెన్ గెలిచాడు. ఈసారి ఓడినవాళ్ళలో గ్యారీ ప్లేయర్ ఉన్నాడు. అదే సంవత్సరం యూఎస్ ఓపెన్ కూడా నెగ్గి, గోల్ఫ్‌లో అతిపెద్ద పోటీలైన నాలుగు మేజర్లూ గెలిచిన అరుదైన ఆటగాళ్ళలో చేరినవాడు ప్లేయర్. అంతవాణ్ణి ఓడించినందుకు ఏమైందంటే, ఆ తర్వాత స్థానిక పోటీల తలుపులు మూసేశారు, పాస్‌పోర్టు తీసేసుకున్నారు. ప్రేక్షకుడిగా కూడా రానివ్వలేదు. ఇద్దరిలో ఎవరు గొప్ప అని ఇక్కడి పెద్దలు ఇప్పటికీ వాదించుకుంటారు. నాకా వాదనలో రుచి లేదు. ఏటేటా ఆడితేనే ఆటగాడి స్థాయి తేలుతుంది. ప్లేయర్‌కి ఆ తర్వాత దశాబ్దాల ఆట మిగిలింది, మొత్తం మీద తొమ్మిది మేజర్లు దక్కాయి. పాప్వాకి మిగిలింది పేదరికం. యాభై నిండకుండానే 1978లో చనిపోయాడు.

రిజర్వాయర్ హిల్స్‌లో ఉమ్‌గెని నది పక్కనున్న మునిసిపల్ గోల్ఫ్ మైదానానికి ఇప్పుడు అతని పేరే.