చర్ల–దుమ్ముగూడెం మన్యంలో నిత్యజీవ నిరీక్షణ: జాన్ కెయిన్ సాక్ష్యం – ఒక పరిశీలన

పూర్వపు భద్రాచలం తాలూకాలో, గోదావరి ఎడమ గట్టు వెంబడి ఉన్న చర్ల–దుమ్ముగూడెం మన్యానికి క్రైస్తవం జలమార్గ నిర్మాణం వెంట వచ్చింది. ఎగువ గోదావరి నౌకాయాన పథకంలో పనిచేసిన సైనిక ఇంజనీరు ఎఫ్.టి. హెయిగ్ చొరవతో 1860 ప్రాంతంలో చర్చి మిషనరీ సొసైటీ దుమ్ముగూడెంలో కోయల మధ్య సేవ ప్రారంభించింది. 1871లో పథకం ఆగిపోయింది, మిషన్ నిలిచింది. ఆ దశాబ్దంలోనే అక్కడ పనిచేసిన జాన్ కెయిన్ భద్రాచలం, రేకపల్లి తాలూకాల జనజీవనంపై ‘ఇండియన్ ఆంటిక్వరీ’లో వ్యాసాలు ప్రకటించాడు. కోయల మరణానంతర భావనలకు అవి తొలినాటి ఆధారాల్లో ముఖ్యమైనవి.

మత ప్రచారకుని సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మాలన్నది సహజమైన ప్రశ్న. ఒకచోట కెయిన్ వైఖరి దీనికి కొంత సమాధానమిస్తుంది. స్వర్గం అన్నం సమృద్ధిగా దొరికే పెద్ద కోట అనీ, నరకంలో ఇనుప కాకి పాపుల మాంసాన్ని నిరంతరం పొడుచుకు తింటుందనీ కోయలు నమ్ముతారని మరొక పరిశీలకుడు రాశాడు. క్రైస్తవ బోధకు ఇంతకన్నా అనుకూలమైన పునాది దొరకదు. అయినా కెయిన్ దానిని అంగీకరించలేదు. అది చెప్పినవాని సొంత నమ్మకమై ఉంటుందనీ, తానెరిగిన కోయలలో అది లేదనీ స్పష్టం చేశాడు. తన ప్రయోజనానికి విరుద్ధంగా పలికిన సాక్ష్యం కనుక దీనికి విలువ ఎక్కువ. (ఇనుప కాకి ప్రస్తావన ఆయనకు ఇనుప కోడిపుంజు వదంతిని గుర్తుచేసింది. ఆ భయంతో ఒక ఊరిలో పుంజులన్నింటినీ చంపివేశారట.)

కెయిన్ నమోదుచేసిన ఆచారాలు మరో దిశను సూచిస్తాయి. చనిపోయిన పురుషుని కోసం ఎద్దును వధించి, దాని తోకను మృతుని చేతిలో ఉంచేవారు. నెల నిండని శిశువు మరణిస్తే ఇంటి పక్కనే పూడ్చేవారు. చూరునీళ్లు ఆ గోతిపై పడితే తల్లిదండ్రులకు మరో బిడ్డ కలుగుతుందని విశ్వాసం. ఇక్కడ తీర్పు లేదు, పాపపుణ్యాల లెక్క లేదు. మృతుని సాగనంపే బాధ్యత బంధువులది. పోయిన ప్రాణానికి బదులు ఆ ఇంటికే మరో ప్రాణం రావాలన్నది ఆశ.

కోయ భాషలోకి వచ్చిన లూకా సువార్తను ఈ నేపథ్యంలో చదవాలి. నాయీను విధవరాలి కుమారుడు బ్రతికి తల్లి చేతికి అందిన ఘట్టం చూరు కింది ఆశకు దగ్గరగా ధ్వనిస్తుంది. కానీ అది నిత్యజీవం కాదు. ఆ యువకుడు మళ్లీ మరణించవలసినవాడే. క్రైస్తవ నిరీక్షణ అసలు స్వరూపం సిలువపై దొంగకు లభించిన పరదైసు వాగ్దానంలో ఉంది. అతని కోసం ఎద్దును కోసే బంధువు ఆ కథలో ఎక్కడా కనిపించడు. ఉత్తరక్రియలతో ముడిపడిన సమాజానికి పునరుత్థాన సిద్ధాంతం కన్నా, అయినవారెవరూ సాగనంపని మనిషికి చోటు దొరకడమే కొత్త విషయమై ఉంటుంది.