ర, ఱల సాక్ష్యం: తొలి ముద్రణల్లో వర్ణక్రమం, పుట కూర్పు

బమ్మెర పోతన భాగవతం మీద ఒక పాత అభియోగం ఉంది. సాధురేఫకూ శకటరేఫకూ, అంటే రకూ బండి ఱకూ తేడా చూడకుండా కవి ప్రాస కలిపాడని. లక్షణకర్తలు భాగవతం నుంచి ఉదాహరణలు తీసుకోకపోవడానికి ఇదే కారణమని 17వ శతాబ్దంలో అప్పకవి రాశాడు. తర్వాతి శతాబ్దంలో కూచిమంచి తిమ్మకవి పోతన పక్షాన నిలబడి వాదించాడు. ఎవరి మాట నెగ్గాలన్నా ముందు ఒక సంగతి తేలాలి: పుటలో కనిపించే ఆ అక్షరం కవిదా, లేఖకుడిదా, అచ్చుకూటానిదా?

తెలుగు అచ్చు 1746-47లో జర్మనీలోని హాలేలో, బెంజమిన్ షుల్జ్ పూనికతో మొదలైంది. కావ్యాలు విరివిగా అచ్చయింది మాత్రం 19వ శతాబ్దపు మద్రాసులో. వావిళ్ల రామస్వామి శాస్త్రులు 1854లో ముద్రాక్షరశాల పెట్టింది అక్కడే. పోతన వంటి జనగామ ప్రాంతపు కవి పద్యమైనా మద్రాసు పండితుడి పరిష్కరణ, కంపోజిటర్ చేతి కూర్పు దాటుకొనే పాఠకుడిని చేరేది. ఏ అక్షరం ఉంచాలన్న విషయంలో పండితుల్లోనూ ఏకాభిప్రాయం లేదు. అరసున్న, బండి ఱ వాడుకలో లేని బరువని సి.పి. బ్రౌన్ అంటే, వ్యాకరణనిష్ఠ గలవారు వాటిని పట్టుబట్టి నిలిపారు.

తొలి అచ్చు పుట తాటాకును అంత తొందరగా వదల్లేదు. పద్యం మొదట క॥, సీ॥ అని పొడి అక్షరాలు వేసి, పాదాలు విరవకుండా వచనంలాగే ఈ అంచు నుంచి ఆ అంచుకు నడిపేవారు. మాటల మధ్య ఎడం తక్కువ. ‘ధర్మము’ వలపలగిలకతో ‘ధమ౯ము’ అవుతుంది. రేఫ తర్వాతి హల్లును రెట్టించి ‘ధర్మ్మము’ అనడమూ ఉంది. ఇవాళ అచ్చుతప్పుల్లా తోచే ఇవన్నీ రాతప్రతుల ఆచారాలే.

పుట కూర్పు మారితే ఏం తేలుతుందో పాల్కురికి సోమన బసవపురాణంలో చూడవచ్చు. అది ద్విపద కావ్యం. ద్విపద పాదాలను ఒకదాని కింద ఒకటి పేరిస్తే ప్రాసాక్షరాలు దగ్గర దగ్గరగా నిలువున కనబడతాయి. పైన ర, కింద ఱ ఉంటే అక్కడికక్కడే పట్టుబడుతుంది. గుక్కతిప్పుకోకుండా సాగే పుటలో ఆ తేడా కంటికి ఆనదు. చెవికి ఎలాగూ నేడు రెండూ ఒకటే. అందుకే పునర్ముద్రణల్లో చెప్పాపెట్టకుండా ఱను రగా దిద్దడం సాక్ష్యాన్ని చెరపడమే. అప్పకవి అభియోగాన్ని విచారించే ఆధారం అలా చేజారుతుంది.

ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని ఇనుగుర్తి ఈ చిక్కుకు మరో కొస. ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు 1922లో ఆ ఊరి నుంచే, సొంత ముద్రణాలయంలో, ‘తెనుగు పత్రిక’ వారపత్రికను తెచ్చారు. రాసినవారి చేతిలోనే అచ్చుపని కూడా ఉంది. పోతన పుటలో ఒక ఱ ఎవరిదో తేల్చడానికి ఎన్నో ప్రతులు పక్కపక్కన పెట్టి చూడాలి. ఇనుగుర్తి సంచికలో కనిపించే వర్ణక్రమానికి ఒద్దిరాజు సోదరులనే బాధ్యులుగా ఎంచి పరిశోధన మొదలుపెట్టవచ్చు.