బర్మా వృద్ధుల నోట బర్మా చరిత్ర

మన గంజాం, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాల పెద్దవాళ్ళు రంగూనును "రంగం" అనేవారు. "మా తాత రంగం వెళ్ళొచ్చాడు" అన్న మాట విననివారు ఈ పత్రిక పాఠకుల్లో తక్కువే ఉంటారు. గోపాలపూర్, విశాఖ, కాకినాడ రేవుల్లో ఓడెక్కి పొట్ట చేతపట్టుకొని వెళ్ళిన మన కూలీలను బర్మావాళ్ళు "కొరంగీలు" అన్నారు. యానాం పక్కనున్న కోరంగి రేవు పేరే అది. 1839 తుపానులో ఆ రేవు దెబ్బతిన్నది గాని, సముద్రానికి అవతల ఆ పేరు మాత్రం మనవాళ్ళందరికీ అంటుకుపోయింది. 1931 జనాభా లెక్కల్లో రంగూను నగరంలో నాలుగు లక్షల మంది ఉంటే అందులో సగానికి పైగా భారతీయులే.

నేను చరిత్ర చదివినవాణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరాను. లెడ్జరులో అంకె ఉంటుంది, ఆ అంకె వెనకనున్న మనిషి ఉండడు. చరిత్రలోనూ ఇదే లోటు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1990లలో, పింఛనుకు వచ్చే ముసలివాళ్ళలో బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉండేవారు. వాళ్ళు ఏ విషయానికీ సంవత్సరం చెప్పేవారు కారు. "జపాను నోటు కాలంలో", "వంద నోటు పోయిన ఏడు" అనేవారు. అప్పుడది మాటతీరు అనుకున్నాను. తర్వాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, అదే వాళ్ళ పంచాంగమని.

బర్మాలో డబ్బు కాగితమైపోవడం ఒక్కసారి జరిగింది కాదు. 1942లో జపాను సైన్యం వచ్చి సొంత రూపాయి నోట్లు అచ్చువేసింది. 1945లో బ్రిటిషువారు తిరిగి రాగానే అవి చెల్లకుండా పోయాయి. 1962 మార్చి 2న జనరల్ నేవిన్ అధికారం చేజిక్కించుకున్నాడు. మరుసటి ఏడు బ్యాంకులు, 1964 మార్చిలో దుకాణాలు ప్రభుత్వపరమయ్యాయి. ఆ మే 17న 50, 100 క్యాట్ల నోట్లు రద్దయ్యాయి. 1985 నవంబరులో 20, 50, 100 నోట్లు పోయి 75 నోటు వంటివి వచ్చాయి. 1987 సెప్టెంబరులో 25, 35, 75 నోట్లు కూడా రద్దయ్యాయి. ఈసారి మార్చుకునే వీలే ఇవ్వలేదు. చలామణీలో ఉన్న సొమ్ములో సగానికి మించి ఒక్కరోజులో చెత్త కాగితమైంది. వాటి స్థానే తొమ్మిదితో భాగించబడే 45, 90 నోట్లు వచ్చాయి. మరుసటి ఏడాది ఆగస్టు 8న దేశమంతా వీధిలోకి రావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

1964ను మన ఇళ్ళల్లో మనవాళ్ళను వెళ్ళగొట్టిన సంవత్సరంగానే చెప్పుకుంటాం. అది నిజమే. లక్షలాది భారతీయులు ఆ దశకంలో ఓడల్లో మద్రాసుకు, విశాఖకు చేరారు. నగలు గాని, దాచిన సొమ్ము గాని వెంట తెచ్చుకోనివ్వలేదు. వాళ్ళు నిలదొక్కుకోవడానికి 1969లో మద్రాసులో కాందిశీకుల కోసం రెప్కో అనే సహకార బ్యాంకే వెలిసింది. అయితే ఆ మే నెలలో బర్మా రైతు కుండలో దాచుకున్న వంద నోటూ అదే రోజు చచ్చిపోయింది. మనవాళ్ళు ఓడెక్కి వచ్చేశారు. 1985, 1987 దెబ్బలు ఆ రైతు అక్కడే ఉండి తిన్నాడు. ఈ కథ మన తాతల నోట వినలేం, బర్మా తాతల నోటనే వినాలి.

ఆ దేశంలో ఈ మాటలు అచ్చులోకి రావడమే కష్టమైంది. 1962 నుంచి దాదాపు యాభై ఏళ్ళు అచ్చుకు ముందే ప్రతి రాత సెన్సారు చేతికి వెళ్ళింది. ఆ పద్ధతి 2012 ఆగస్టులో తొలగింది. 2021 ఫిబ్రవరి 1న మళ్ళీ సైన్యం అధికారం పట్టాక నోరు విప్పడమే ప్రమాదమైంది. ఆ రోజుల్లో జనం బ్యాంకుల ముందు బారులు తీరారు. పాత రద్దులు చూసిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్నచోట ఆ తొందర ఎందుకో ఎవరూ అడగనక్కర లేదు.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో చెప్పడానికి 1930 మే 26 చాలు. రంగూను రేవులో మన కొరంగీ కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మా కూలీలను తెచ్చిపెట్టాయి. రాజీ కుదరగానే వాళ్ళను పొమ్మన్నాయి. ఇద్దరికీ గొడవ ముదిరి వందమందికి పైగా చచ్చిపోయారు, అందులో ఎక్కువమంది మనవాళ్ళే. కాగితాల్లో చావుల లెక్క మిగిలింది. ఆ పొద్దున పని పోయిన బర్మా కూలీ ఏమనుకున్నాడు, ఆ రాత్రి దాక్కున్న మన కూలీ ఇంట్లో ఏం జరిగింది అని అడుగుదామంటే చూసినవాళ్ళు లేరు. 1942లో అడవుల వెంట నడిచి భారతదేశం చేరిన లక్షలాది మందిలో అప్పటికి పదేళ్ళున్న పిల్లలకు ఇప్పుడు తొంభై దాటాయి.

అందుకని, బర్మాలో పుట్టిపెరిగిన ముసలివాళ్ళు ఎవరైనా, తెలుగువారైనా బర్మీయులైనా, మీకు తెలిసి ఉంటే ఇప్పుడే కూర్చోబెట్టి అడగండి. ఏ సంవత్సరమని అడిగితే తడబడతారు. చేతిలో ఏ నోటు చచ్చిందని అడగండి. ఇరవై నోటు అంటే 1985, ముప్పై అయిదు నోటు అంటే 1987. బర్మా శకం చెబితే 638 కలపండి, మన సంవత్సరం వస్తుంది. వాళ్ళకు కొత్త సంవత్సరం ఏప్రిలులో కనుక ఒక ఏడు అటూ ఇటూ కావచ్చు. పుట్టిన తేదీ తెలియని బర్మీయుడికి కూడా పుట్టిన వారం తెలుస్తుంది. వాళ్ళ ఆచారంలో పేరులోని తొలి అక్షరం వారాన్నిబట్టి పెడతారు, బుధవారం ఉదయం, మధ్యాహ్నం వేరువేరుగా లెక్క.

వాళ్ళు ఏ భాషలో మాట్లాడితే ఆ భాషలోనే రికార్డు చెయ్యండి. తెలుగులో బర్మా మాటలు కలిస్తే సరిదిద్దకండి. ఆ కలగలుపే సాక్ష్యం. అక్కడ బంధువులున్నవారి విషయంలో పేరు బయటపెట్టవద్దంటే పెట్టవద్దు. చెప్పిన మాట ఒకచోటే ఉంచక రెండు మూడు చోట్ల భద్రపరచండి. జ్ఞాపకం తప్పు చెబితే కొట్టివేయక, పక్కన అసలు తేదీ రాసి ఉంచండి. మా బ్యాంకులో తప్పు పడిన పద్దును చెరిపివేయం, సవరణ పద్దు వేస్తాం. అసలు పద్దూ కనబడుతూనే ఉండాలి.

ఒడిశాలోనో తమిళనాడులోనో తెలుగు మాట్లాడుతూ బతికే మనకు, చుట్టూ ఉన్నవారి పుస్తకాల్లో మన కథ దొరకదని తెలుసు. మన ఊసు మన పెద్దల నోటనే మిగిలింది. బర్మాలో మిగిలిపోయిన తెలుగువాళ్ళదీ ఇదే స్థితి, వాళ్ళ పొరుగున ఉన్న బర్మా ముసలివాళ్ళదీ ఇదే. రద్దయిన నోటుకు ఎవరో ఒకరి అట్టపెట్టెలో నమూనా దొరుకుతుంది. ఆ నోటు చేతిలో పట్టుకొని ఆ రాత్రి నిద్రపోనివాడి మాట, అతను ఉండగా అడిగితేనే దొరుకుతుంది.