అడిగి పెట్టించుకున్న కోర్సు

మన వైపు కౌన్సెలింగ్ అనగానే ఈఏపీసెట్ ర్యాంకు కార్డు, సర్టిఫికెట్ల ఫైలు, వెబ్ ఆప్షన్లు గుర్తొస్తాయి. లేదంటే రౌడీషీటర్లను స్టేషన్‌కు పిలిపించి పోలీసులు ఇచ్చేది. కాలేజీ పిల్లల కష్టసుఖాలు కనుక్కోవడం ఒక ఉద్యోగమనీ, దానికి పీజీ చదువు ఉందనీ చెబితే ఇప్పటికీ వింతగానే చూస్తారు. అమెరికాలోనూ ఆ చదువు ఏ పెద్దమనిషి బుర్రలోనో పుట్టలేదు. ఉద్యోగంలో చేరాక ఏం చెయ్యాలో చెప్పేవాళ్లు లేక తలలు పట్టుకున్న ఆడవాళ్లు అడిగి పెట్టించుకున్నారు.

1892లో షికాగో విశ్వవిద్యాలయం తలుపులు తెరిచింది, అమ్మాయిలకు కూడా. మరి వాళ్ల మంచిచెడ్డలు ఎవరు చూడాలి? వెల్స్‌లీ కాలేజీకి అధ్యక్షురాలిగా చేసిన ఆలిస్ ఫ్రీమన్ పామర్‌ను డీన్‌గా రమ్మన్నారు. ఏడాదికి పన్నెండు వారాలే ఉంటానంది ఆవిడ. మిగతా రోజులు నెట్టుకురావలసింది వెంట వచ్చిన మేరియన్ టాల్బట్. ఆమె చదివింది ఎంఐటీలో సైన్సు, చెప్పే పాఠం పారిశుద్ధ్య శాస్త్రం. తీరా అక్టోబరులో క్లాసులు మొదలయ్యేసరికి హాస్టళ్లు ఇంకా కడుతూనే ఉన్నారు. అమ్మాయిలను బియాట్రిస్ అనే అద్దె భవనంలో సర్దారు. ఆ ఏడాది ఆమెకు అక్కరకొచ్చింది ఆ పారిశుద్ధ్యమేనని నా అనుమానం!

పోనుపోను చాలా కాలేజీల్లో ‘డీన్ ఆఫ్ విమెన్’ పదవి వచ్చింది. అమ్మాయిలుండే ఇళ్లు ఎలా ఉన్నాయో చూడాలి, జ్వరమొస్తే పలకరించాలి, క్రమశిక్షణ తప్పితే మందలించాలి, వీలుంటే పాఠమూ చెప్పాలి. సగం వార్డెను, సగం మేనత్త. టాల్బట్ 1903లో ఇలాంటి వాళ్లను షికాగోకు పిలిచి కూర్చోబెట్టింది. మాట్లాడుకోవడానికి తోడు దొరికింది గానీ నేర్పేవాళ్లు దొరకలేదు.

కాథ్రిన్ సిసన్ మెక్లీన్ నెబ్రాస్కాలో, చాడ్రన్ అనే చిన్న ఊళ్లో, టీచర్ల శిక్షణ కాలేజీకి డీన్ ఆఫ్ విమెన్. పై చదువుకని న్యూయార్క్‌లో కొలంబియా వారి టీచర్స్ కాలేజీకి వచ్చింది. చూస్తే అక్కడ టీచర్లకు పాఠాలున్నాయి, స్కూళ్లు నడిపేవాళ్లకు పాఠాలున్నాయి, తన పనికి లేవు. తనలాంటి వాళ్లను మరికొందరిని పోగేసుకుని ప్రొఫెసర్ల దగ్గరికి వెళ్లింది. మాకూ ఒక కోర్సు కావాలంది. 1910ల నడిమికి అది మొదలైంది. విద్యా మనోవిజ్ఞానం, కుటుంబ చరిత్ర, జీవశాస్త్రం, అందులో భాగంగా లైంగిక విజ్ఞానం. వందేళ్ల కిందట! మన కాలేజీల్లో ఆ చివరి మాట ఇవాళ్టికీ గొంతు తగ్గించే అంటారు. 1916 జులైలో అదే టీచర్స్ కాలేజీలో డీన్ల జాతీయ సంఘమూ పుట్టింది.

తరువాతి కథ అంత ముచ్చటైనది కాదు. 1937లో అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ ఒక చిన్న పుస్తకం వేసి, విద్యార్థిని మార్కులతో కాక మొత్తం మనిషిగా చూడాలంది. ఆ డీన్లు అప్పటికే చేస్తున్న పని అది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక చాలాచోట్ల మహిళా డీన్ పదవిని ‘డీన్ ఆఫ్ స్టూడెంట్స్’ కింద కలిపేశారు. ఆ కుర్చీల్లో ఎక్కువగా మగవాళ్లే కూర్చున్నారు. కోర్సు మిగిలింది, అడిగినవాళ్ల పదవి పోయింది.

ఇప్పుడక్కడ ఈ రంగంలో మాస్టర్స్ చదువులు బోలెడు. కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే కేక్రెప్ సంస్థ లెక్క ప్రకారం ప్రాక్టికం 100 గంటలు, ఆపైన ఇంటర్న్‌షిప్ 600 గంటలు. అందులో కొంతసేపు పర్యవేక్షణలో నిజమైన విద్యార్థులతో కూర్చుని మాట్లాడాలి. ఆ విద్యార్థుల్లో అక్కడికి చదువుకు వెళ్లిన మన గుంటూరు, వరంగల్ పిల్లలూ ఉంటారు.

ఇక మన దగ్గర 2025 జులైలో, విశాఖపట్నంలో కోచింగుకు వచ్చిన ఒక విద్యార్థిని మరణం కేసులో, సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వందమంది గానీ అంతకు మించి గానీ చదివే ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలంది. పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందినట్టు చూపగలగాలంది. ఆ మనిషి కోసం ఇప్పుడు మన కాలేజీలు వెతకాలి. స్టాఫ్‌రూములో ఖాళీ పీరియడున్న మేడంకు ఆ పని అప్పజెబితే, ఆవిడ కూడా చాడ్రన్ డీన్ లాగే ఎవరినో ఒకరిని అడగాల్సి వస్తుంది: నాకిది ఎక్కడ నేర్పుతారు?