నడిచే వీధుల రూపశిల్పి ఆలన్ జేకబ్స్

అమెరికాకు వచ్చిన అమ్మానాన్నలు నెల తిరక్కుండానే అనే మాట మనలో చాలామందికి తెలుసు: "ఇల్లు బాగుంది, ఊరు శుభ్రంగా ఉంది, కానీ బయట మనిషన్నవాడు కనపడడు." ఇందులో మన ఇంటి తప్పేమీ లేదు, మన వీధిని తీర్చిన పద్ధతే అలాంటిది. వీధులు ఎందుకిలా తయారయ్యాయి, వాటిని మార్చడం సాధ్యమా అన్న ప్రశ్నలకు జీవితమంతా జవాబు వెతికిన అర్బన్ డిజైనర్ ఆలన్ జేకబ్స్. నగరాల మీద రాసి పేరు తెచ్చుకున్న జేన్ జేకబ్స్ వేరు, ఈయన వేరు. ఇంటిపేరు ఒకటే కావడంతో చాలామంది పొరబడుతుంటారు.

చదువు, తొలి ఉద్యోగాలు

జేకబ్స్ 1928లో ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో పుట్టారు. మొదట ఆర్కిటెక్చర్ చదివి, తర్వాత పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సిటీ ప్లానింగ్‌లో పట్టా తీసుకున్నారు. పిట్స్‌బర్గ్‌లో పనిచేశారు. 1960ల మొదట్లో ఫోర్డ్ ఫౌండేషన్ తరఫున కలకత్తా మహానగర ప్రణాళిక పనిలో పాల్గొన్నారు. ఆ విధంగా మన దేశపు వీధులతో కూడా ఆయనకు పరిచయం ఉంది.

శాన్ ఫ్రాన్సిస్కోలో ఎనిమిదేళ్లు

1967లో ఆయన శాన్ ఫ్రాన్సిస్కో నగర ప్లానింగ్ డైరెక్టర్ అయ్యారు. అప్పట్లో అమెరికా అంతటా డౌన్‌టౌన్‌లను బాగుచెయ్యడమంటే పాత పేటలు కూల్చడం, ఫ్రీవేలు వెయ్యడం, ఆకాశహర్మ్యాలు లేపడం. జేకబ్స్ దారి వేరు. ఆయన హయాంలో 1971లో వచ్చిన అర్బన్ డిజైన్ ప్లాన్ కొండలు, సముద్రపు చూపు, పాత ఇళ్ల వరసలు, వీధులు అన్నిటినీ నగరపు ఆస్తిగా లెక్కగట్టింది. ఏ ప్రాంతంలో భవనాలు ఎంత ఎత్తు, ఎంత లావు ఉండవచ్చో చెప్పే నిబంధనలు దీనినుంచే పుట్టాయి.

అన్ని పోరాటాలూ ఆయన గెలవలేదు. ట్రాన్సమెరికా పిరమిడ్‌ను ఆయన వ్యతిరేకించారు. అయినా అది 1972లో పూర్తయింది, ఇప్పుడది ఆ నగరానికి గుర్తుగా నిలిచింది. ఇలాంటి గెలుపోటములను దాచకుండా 1978లో "మేకింగ్ సిటీ ప్లానింగ్ వర్క్" అనే పుస్తకంలో రాశారు. 1975 ప్రాంతంలో ఆ పదవి వదిలి బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు.

ట్రాఫిక్ పెరిగితే స్నేహం తరుగుతుంది

బర్క్‌లీలో ఆయన సహచరుడు డోనాల్డ్ ఆపిల్‌యార్డ్. "లివబుల్ స్ట్రీట్స్" అన్న మాట ప్రచారంలోకి రావడానికి ముఖ్య కారకుడు ఈయనే. 1981లో అదే పేరుతో పుస్తకం వేశారు. శాన్ ఫ్రాన్సిస్కోలో చూడటానికి ఒకేలా ఉండే మూడు వీధులను ఎంచుకుని ఆయన అంతకుముందే ఒక అధ్యయనం చేశారు. తేడా అల్లా ట్రాఫిక్‌లోనే: ఒక వీధిలో రోజుకు దాదాపు 2,000 వాహనాలు, ఇంకోదానిలో 8,000, మూడోదానిలో 16,000.

ఫలితం చూడండి. వాహనాలు తక్కువున్న వీధిలో ఒక్కొక్కరికి అదే వీధిలో సగటున ముగ్గురు స్నేహితులు, ఆరుగురికి పైగా పరిచయస్తులు ఉన్నారు. రద్దీ వీధిలో స్నేహితుల సగటు ఒకటికన్నా తక్కువ, పరిచయస్తులు ముగ్గురు. "మీ ఇల్లు ఎంతవరకు?" అని పటం మీద గీయమంటే మొదటి వీధివాళ్లు వీధి మొత్తాన్నీ కలుపుకున్నారు, రద్దీ వీధివాళ్లు తమ గుమ్మం దగ్గరే ఆగిపోయారు. మన అరుగుల సంస్కృతి ఎందుకు మాయమైందో కూడా ఈ లెక్కలో కొంత కనబడుతుంది. విషాదం ఏమిటంటే ఆపిల్‌యార్డ్ 1982లో ఏథెన్స్‌లో వేగంగా వచ్చిన కారు ఢీకొని మరణించారు.

వీధికి కొలతలు

ఇద్దరూ కలిసి రాసిన "టువర్డ్ యాన్ అర్బన్ డిజైన్ మేనిఫెస్టో" 1987లో అచ్చయింది. జేకబ్స్‌కు ప్రపంచమంతా పేరు తెచ్చింది మాత్రం 1993 నాటి "గ్రేట్ స్ట్రీట్స్". బార్సిలోనాలోని పసేజ్ ద గ్రాసియా నుంచి పిట్స్‌బర్గ్‌లో తాను ఒకప్పుడు నివసించిన రోస్లిన్ ప్లేస్ అనే చిన్న సందు దాకా ఎన్నో వీధులను స్వయంగా నడిచి, కొలిచి, బొమ్మలు గీసి ఇందులో పెట్టారు.

అన్ని నగరాలనూ ఒకే స్కేలులో, ఒక చదరపు మైలు చొప్పున గీసిన పటాలు ఈ పుస్తకానికి ఆయువుపట్టు. ఆ కొలతలో వెనిస్‌లో వీధి కూడళ్లు దాదాపు 1,500. అహ్మదాబాదు పాత నగరం కూడా దాని దరిదాపుల్లోనే ఉంటుంది. కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లో ఒక ఆఫీసుల ప్రాంతంలో 15 మాత్రమే! కూడళ్లు తక్కువైతే పక్కనే ఉన్న దుకాణానికి కూడా చుట్టు తిరిగి వెళ్లాలి. అప్పుడు కాళ్లకు బదులు కారే గతి.

మంచి వీధికి ఆయన చెప్పిన లక్షణాలు సామాన్యుడికి అర్థమయ్యేవే: తీరిగ్గా నడిచే చోటు, ఎండకూ గాలికీ రక్షణ, రెండు పక్కలా వీధికి హద్దు గీసినట్టుండే భవనాలు, కంటికి పని కల్పించే వివరాలు, లోపల ఏముందో కనిపించే తలుపులు కిటికీలు, ఒకదానికొకటి తగిన కట్టడాలు, మంచి పనితనం, నిత్యం శుభ్రత. డబ్బు కొంచెమే ఉంటే దాన్ని చెట్ల మీద ఖర్చుపెట్టడం మేలని ఆయన సలహా. బీసెంట్ రోడ్డులోనో, సుల్తాన్ బజారులోనో సాయంత్రం నడిచినవారికి ఈ జాబితాలో సగం అనుభవమే. లేనిది నడిచే చోటు, చెట్లు.

ఫ్రీవే పోయి బులెవార్డ్ వచ్చింది

1989 అక్టోబర్ 17 నాటి లోమా ప్రియెటా భూకంపంలో శాన్ ఫ్రాన్సిస్కోలోని సెంట్రల్ ఫ్రీవే దెబ్బతింది. తిరిగి కట్టాలా, తీసెయ్యాలా అన్నది ప్రజల ఓటుకు వెళ్లింది. 1997లో కట్టాలన్నారు, 1998లో వద్దన్నారు, 1999లో వద్దన్నదే ఖాయం చేశారు. దాని స్థానంలో జేకబ్స్, ఎలిజబెత్ మెక్‌డొనాల్డ్ కలిసి రూపకల్పన చేసిన ఆక్టేవియా బులెవార్డ్ 2005 సెప్టెంబర్‌లో తెరుచుకుంది. మధ్యలో దూరం వెళ్లే వాహనాలకు నాలుగు వరసలు, రెండు పక్కలా చెట్ల వరసలు, వాటి అవతల ఇళ్ల ముందు నెమ్మదిగా సాగే చిన్న దారి. చివర్లో పిల్లలు ఆడుకునే పార్కు. ఇలాంటి వీధుల్లో ప్రమాదాలు ఎక్కువని ట్రాఫిక్ ఇంజనీర్లు భయపడేవారు. ఆ భయానికి ఆధారం లేదని వీరు 2002లో వచ్చిన "ది బులెవార్డ్ బుక్"లో వాదించారు.

లోపాలూ ఉన్నాయి. మార్కెట్ స్ట్రీట్ దగ్గర ఫ్రీవే ఎక్కే చోట సైకిళ్లకూ కార్లకూ తగాదా తీరలేదు. చుట్టుపక్కల ఇళ్ల ధరలు విపరీతంగా పెరిగాయి. ఖాళీ అయిన స్థలాల్లో కొంత భాగం తక్కువ ఆదాయం వారి ఇళ్లకు కేటాయించినా, వీధి బాగుపడితే అక్కడి పాత కాపురాలు నిలుస్తాయా అన్న ప్రశ్న మిగిలే ఉంది.

మనం చేయగలిగింది

జేకబ్స్ విద్యార్థులకు నేర్పిన మొదటి పాఠం నడవడం, చూడడం. 1985 నాటి "లుకింగ్ ఎట్ సిటీస్"లో శాన్ హోసేలోని నాగ్లీ పార్క్ పేటను ఇలాగే నడిచి చదివి చూపించారు. ఈ వారాంతం మనమూ ప్రయత్నించవచ్చు. ఇంటినుంచి పాలు దొరికే చోటుకు సైడ్‌వాక్ తెగకుండా ఉందా? అరవై దాటిన మనిషి సిగ్నల్ మారేలోగా రోడ్డు దాటగలరా? దారిలో నీడ, కూర్చోవడానికి ఒక బెంచీ ఉన్నాయా?

లేకపోతే సిటీ కౌన్సిల్, ప్లానింగ్ కమిషన్ బహిరంగ సమావేశాలకు వెళ్లి చెప్పండి. ఓటు హక్కు లేని వీసాదారులు కూడా అక్కడ మాట్లాడవచ్చు. శాన్ ఫ్రాన్సిస్కోలో ఫ్రీవేను తిరిగి కట్టకుండా ఆపింది ఇలా ఓపికగా వెళ్లి మాట్లాడిన ఇరుగుపొరుగువారే. వచ్చే వేసవికి వచ్చే అమ్మానాన్నలకు వీధిలో కనీసం ఒక పలకరింపు దొరికినా ఆ శ్రమ వృథా పోదు.