మృతదేహాలే పాఠ్యగ్రంథాలు

ఎక్కడో పొదల్లో ఒక శవం దొరికినప్పుడు పోలీసులు వైద్యుణ్ణి అడిగే ముఖ్యమైన ప్రశ్న ఒకటున్నది: ఈ మనిషి చనిపోయి ఎంతకాలమైనది? జవాబు తప్పైతే, దోషి తాను ఆనాడు వేరే ఊళ్లో ఉన్నానని రుజువు చేసుకొని తప్పించుకోవచ్చు. నిరపరాధి శిక్ష పాలు కావచ్చు. మొదటి రోజున శరీరం చల్లబడే తీరు, కండరాలు బిగిసే తీరు చూసి కాలం లెక్కకట్టవచ్చు. కొన్ని రోజులు గడిస్తే ఆ గుర్తులు మిగలవు. అప్పుడు ఆధారం శవం శిథిలమయ్యే క్రమమే. ఆ క్రమాన్ని గురించి ఎంత తక్కువ తెలుసునో అమెరికాలో ఒక సంఘటన వెల్లడి చేసింది.

1977 డిసెంబరులో టెనెసీ రాష్ట్రంలోని ఫ్రాంక్లిన్ పట్టణం దగ్గర ఒక పాత సమాధిని ఎవరో తవ్వారు. అందులో తలలేని మొండెం కనిపించింది. మాంసం ఇంకా గులాబి రంగులోనే ఉన్నది. ఎవరినో ఈ మధ్యనే చంపి అక్కడ దాచారని అనుమానం కలిగింది. టెనెసీ విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రాచార్యుడైన విలియం బాస్ దానిని పరీక్షించి, మరణించి ఏడాది దాటి ఉండదని చెప్పాడు. తీరా విచారిస్తే ఆ దేహం ఆ సమాధిలో పూడ్చిన మనిషిదేనని తేలింది. అతడు అంతర్యుద్ధకాలంలో, 1864లో నాష్‌విల్ వద్ద పోరులో చనిపోయిన విలియం షై అనే సైనికాధికారి! మందులు పట్టించి, ఇనుప పెట్టెలో భద్రపరచినందువల్ల ఆ దేహం 113 సంవత్సరాలు చెడకుండా నిలిచింది.

బాస్ తన పొరపాటును దాచలేదు. దానినే పరిశోధనకు పునాది చేసుకొన్నాడు. నాక్స్‌విల్ నగరంలో విశ్వవిద్యాలయ వైద్యశాల వెనుక, ఒకప్పుడు చెత్త తగలబెట్టిన స్థలంలో, 1981లో దానంగా వచ్చిన మొదటి దేహాన్ని ఉంచి పరిశీలన ఆరంభించాడు. ఆయన శిష్యులు దినదినమూ చూసి వ్రాసుకొన్నారు. ముందుగా ఈగలు వచ్చి గుడ్లు పెడతాయి. పురుగులు మాంసాన్ని తింటాయి. దేహం ఎండిన తర్వాత పెంకుపురుగులు చేరతాయి. ఎండ, నీడ, నేల, నీరు అన్నీ ఈ క్రమాన్ని మారుస్తాయి. అన్నిటికన్న ముఖ్యమైనది వేడి. అందుచేత శాస్త్రజ్ఞులు రోజులను మాత్రమే కాక, ప్రతిదినపు సగటు ఉష్ణోగ్రతను కూడా కూడుతారు. 30 డిగ్రీల వేడిలో 10 రోజులు, 15 డిగ్రీల వేడిలో 20 రోజులు, రెండింటి మొత్తమూ 300 డిగ్రీలే. రెండు చోట్లా శవం ఇంచుమించు ఒకే దశలో ఉంటుంది.

ఒకచోటి లెక్క మరొక శీతోష్ణస్థితికి పూర్తిగా సరిపోదు. కనుకనే తర్వాత అమెరికాలోని ఇతర రాష్ట్రాలలోనూ, 2016లో ఆస్ట్రేలియాలో సిడ్నీ సమీపంలోనూ ఇటువంటి క్షేత్రాలు వెలిశాయి. పూడ్చిన శవాన్ని ఆనవాళ్లు చెదరకుండా వెలికి తీయడం, చెల్లాచెదురైన ఎముకలను ఏరడం వంటి పనులలో నేరపరిశోధకులు ఇక్కడ శిక్షణ పొందుతారు. బొమ్మలతో గాని, చిత్రపటాలతో గాని ఈ విద్య పట్టుబడదు.

ఈ విద్యకు మూలం దాతల ఔదార్యం. బ్రతికి ఉండగానే తమ దేహాలను వ్రాసి ఇచ్చినవారు ఎందరో ఉన్నారు. పరిశీలన ముగిసిన పిదప వారి అస్థిపంజరాలను శుభ్రపరచి, నాక్స్‌విల్‌లో విద్యార్థుల అధ్యయనానికి భద్రపరుస్తారు. అక్కడ ఇప్పుడు వేయికి మించి అస్థిపంజరాలున్నవి. పేరు తెలియని మరొక మృతునికి న్యాయం చేకూర్చడంలో అవి నేటికీ సాయపడుతున్నవి.