వాహనమే వసతి.. వ్యర్థమూ వెంటే!

కొంగరకలాన్‌ (ఇబ్రహీంపట్నం): 2018 సెప్టెంబరు 2న ఇక్కడ జరిగిన ప్రగతి నివేదన సభకు దూరప్రాంతాల రైతులు ట్రాక్టర్లపై ముందుగానే తరలివచ్చారు. వాహనమే బసగా మారినచోట మలమూత్రాలు, వాడిన నీరు ఎక్కడికి చేరాలన్నది ప్రధాన సమస్య. సముద్రతీరాల్లో ఇదే చిక్కును ఎదుర్కొన్న న్యూజిలాండ్‌ చట్టం ద్వారా పరిష్కారం చూపింది.

ఉచిత బస: అక్కడి 2011 నాటి ఫ్రీడమ్‌ క్యాంపింగ్‌ చట్టం ప్రకారం, నిషేధం లేని ప్రభుత్వ స్థలాల్లో రుసుము చెల్లించకుండానే రాత్రి గడపవచ్చు. తీరప్రాంత స్థలాలకూ ఇది వర్తిస్తుంది.

నిబంధనలు: 2023 జూన్‌ 7న అమల్లోకి వచ్చిన సవరణతో, స్థానిక మండళ్ల స్థలాల్లో వాహనంలో బస చేయాలంటే, మినహాయింపు ఇచ్చిన చోట్ల తప్ప, సకల వసతులున్న వాహనం తప్పనిసరి. అందులో కదలకుండా బిగించిన మరుగుదొడ్డి, మురుగునీటి ట్యాంకు ఉండాలి. మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున 3 రోజులకు సరిపడా నీరు నిల్వ చేసుకోవాలి. తనిఖీలో నెగ్గిన వాహనానికి నాలుగేళ్ల ధ్రువపత్రం లభిస్తుంది. ఉల్లంఘిస్తే జరిమానా తప్పదు.

నిండిన ట్యాంకులను నిర్దేశిత కేంద్రాల్లోనే ఖాళీ చేయాలి. బస ఉచితమైనా, శుభ్రత భారం బస చేసినవారిదే.